చివరి సంతకం మనిషిదే ఉండాలన్న రూలు ఎవరిని కాపాడుతోంది?

క్లెయిమ్స్ డెస్క్

ఏఐ గురించి ఏ చట్టం చదివినా, ఏ కంపెనీ పాలసీ తిరగేసినా ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: తుది నిర్ణయం మనిషిదే. చదివినవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ మనిషిని నేనే కాబట్టి నాకు ఆ ధైర్యం లేదు.

బీమా క్లెయిమ్‌లు పరిశీలించడం నా పని. ఫైలు తెరవగానే పైన సిస్టమ్ సిఫారసు ఉంటుంది, పక్కన ఒక స్కోరు. ఒప్పుకుంటే ఒక్క క్లిక్కు. ఒప్పుకోకపోతే కారణం ఎంచుకోవాలి, వివరణ రాయాలి, పైవాళ్లు ఓకే అనేదాకా ఆగాలి. ఈలోగా నా టార్గెట్ ఏమీ తగ్గదు. నెలాఖరు రిపోర్టులో 'సిఫారసుకు విరుద్ధంగా వెళ్లిన శాతం' అని ఒక గడి ఉంటుంది. అది పెరిగితే పిలిచి అడుగుతారు. సున్నా ఉంటే ఎవరూ అడగరు.

ఇలాంటి చోట నా సంతకం కస్టమర్‌కి రక్షణ ఎలా అవుతుంది? రేపు తప్పు బయటపడితే పట్టుకోవడానికి ఒక పేరు దొరుకుతుంది, అంతే. దానికన్నా 'ఇది సిస్టమ్ నిర్ణయం, బాధ్యత కంపెనీది' అని ఉత్తరంలో నేరుగా రాస్తే నయం అంటాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

లెక్కల మాష్టారు

మీ ఇబ్బంది అర్థమైంది. కానీ దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ వివరణలు, ఆ ఓకేలు అన్నీ తీసేసి, మీకు తోచినట్టు సిఫారసును పక్కన పెట్టే స్వేచ్ఛ ఇస్తే నిర్ణయాలు బాగుపడతాయా? బాగుపడతాయనే అందరం అనుకుంటాం. ఆధారాలు అటు లేవు.

పాల్ మీల్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే నిపుణుల అంచనాలనూ, మామూలు గణాంక సూత్రాల అంచనాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. నిపుణులు గెలిచిన సందర్భాలు దాదాపు లేవు. తర్వాత 2000లో గ్రోవ్, మరికొందరు 136 అధ్యయనాలను కలిపి లెక్కేశారు. దాదాపు సగం అధ్యయనాల్లో సూత్రానిది పైచేయి, దాదాపు సగంలో సమానం. నిపుణుడు స్పష్టంగా మెరుగ్గా చేసింది 8 చోట్ల. ఇదంతా ఇప్పటి ఏఐ జోరు మొదలవకముందు సంగతి. చాలావరకు కాగితం మీద కూడికలతో అయిపోయే సూత్రాలవి.

మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఆలోచిస్తాడు. ఒకే ఫైలు రెండుసార్లు చూపిస్తే రెండు జవాబులు చెబుతాడు. కాబట్టి సిఫారసును కాదనడం కాస్త కష్టంగా ఉండటం మంచిదే అంటాను. కోపం వద్దు.

పుల్లవిరుపు

మాష్టారూ, ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సాయం ఎక్కువ తీసుకున్నవాళ్లను కంప్యూటర్‌తో పట్టుకోవాలని పెట్టిన రోబోడెట్ స్కీము కూడా సూత్రమేనండీ. కూడికలు కూడా కాదు, ఒక్క భాగహారం. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (రెండేసి వారాలకు) సమానంగా పంచి, జనం అప్పట్లో పక్షానికోసారి చెప్పుకున్న ఆదాయంతో సరిపోలకపోతే 'నువ్వు సాయం ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు' అని నోటీసులు. నాలుగు నెలలు పని ఉండి ఎనిమిది నెలలు లేనివాడు ఏమైపోయాడో మీరే లెక్కేయండి. అంతకుముందు ఇలాంటి తేడాలను ఉద్యోగులు ఒక్కొక్కటే విచారించేవాళ్లు. ఆ మెట్టు తీసేయడమే స్కీములో పొదుపు. 2023లో అక్కడి విచారణ సంఘం, రాయల్ కమిషన్, దాన్ని తిట్టిన తిట్లు చదవండి, తీరిగ్గా.

లెక్కల మాష్టారు

చదివాను. 2014లోనే 'ఇది చట్టానికి పొసగకపోవచ్చు' అని ప్రభుత్వ లాయర్లు రాసిచ్చిన కాగితం ఉందని కూడా అందులో ఉంది. దాన్ని పక్కన పెట్టినవాళ్లు మనుషులే. చెత్త సూత్రాన్ని ఎంచుకున్నదీ మనుషులే. నేను మాట్లాడేది పరీక్షించి చూసిన సూత్రాల గురించి.

పుల్లవిరుపు

పరీక్షించని సూత్రం ఏదైనా తనంతట తాను ఆ సంగతి చెప్పుకుంటుందా?

వాయిదా వకీలు

క్లెయిమ్స్ డెస్క్ గారూ, సంతకం తీసేస్తే బాధ్యత నేరుగా కంపెనీ మీదకు పోతుందనుకోవడం మీ మంచితనం. 2024లో కెనడాలో ఒక చిన్న కేసు వచ్చింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. అతను అడిగితే కంపెనీ చేసిన వాదన ఏమిటో తెలుసా? చాట్‌బాట్ వేరే వ్యక్తిలాంటిది, దాని మాటలకు అదే బాధ్యురాలు అన్నట్టుగా మాట్లాడారు. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, అది వేరే విషయం. మనిషి పేరు లేని చోట వాళ్ల మొదటి ప్రయత్నం ఎటో గమనించండి.

అలాగని మనిషి పేరు ఉన్న చోట న్యాయం జరిగిపోతోందా అంటే అదీ లేదు. 2018లో అమెరికాలోని టెంపీలో ఉబర్ ప్రయోగాత్మక కారు రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. కారులో పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగిని మీద పెట్టారు, 2023లో ఆమె నేరం ఒప్పుకుంది. ఆమె ఫోన్ చూస్తోందన్నది నిజమే. గంటల తరబడి తనంతట తాను నడిచే కారులో ఏమీ చేయకుండా కూర్చుని, ప్రమాదం వచ్చిన ఆ ఒక్క క్షణంలో మాత్రం మేలుకుని ఉండమనడం ఎలాంటి ఉద్యోగం అన్నది కూడా నిజమైన ప్రశ్నే.

నా దృష్టిలో అసలు విషయం సంతకం ఉందా లేదా అన్నది కాదు. సంతకం పెట్టేవాడి ముందు ఏముంది? నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల కుంభకోణం తీసుకోండి, వేల కుటుంబాల మీద అన్యాయంగా మోసగాళ్లన్న ముద్ర వేశారు, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. అక్కడ రిస్కు ఎక్కువని సిస్టమ్ ఎత్తిచూపిన దరఖాస్తును ఒక ఉద్యోగి చూసేవాడు. మనిషి ఉన్నాడు! కానీ ఆ దరఖాస్తును ఎందుకు ఎత్తిచూపిందో అతనికి చెప్పేవాళ్లు కాదు. పౌరసత్వం కూడా ఆ స్కోరులో ఒక లెక్క అని అతనికేం తెలుసు? కారణం తెలియనివాడు ఏం పరిశీలిస్తాడు, గంగిరెద్దులా తలూపడం తప్ప.

ఒక మంచి మలుపు కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం షూఫా అనే జర్మన్ క్రెడిట్ స్కోరు సంస్థ కేసులో ఒక మాట తేల్చింది. బ్యాంకు ఆ స్కోరు మీదే గట్టిగా ఆధారపడి అప్పు ఇవ్వాలా వద్దా అని చూస్తుంటే, స్కోరు ఇవ్వడమే ఆటోమేటిక్ నిర్ణయం కిందకు వస్తుందంది. అంటే 'చివర్లో మా ఉద్యోగి ఉన్నాడుగా' అని ఎవరూ ఊరికే తప్పించుకోలేరు. నాకైతే ఈ తీర్పు యూరప్ వాళ్ల మొత్తం ఏఐ చట్టం కన్నా పదునుగా అనిపించింది.

ఎక్స్‌రే కళ్లు

రేడియాలజీ చేస్తున్నాను. 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 'రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయండి, ఐదేళ్లలో యంత్రమే మెరుగ్గా చూస్తుంది' అన్నప్పుడు ఇంట్లోవాళ్లు వేరే బ్రాంచి తీసుకోమన్నారు. మా ఉద్యోగాలు ఎక్కడికీ పోలేదు. మా చూపు మారింది. అది ఎవరూ మాట్లాడరు.

జర్మనీలో 27 మంది రేడియాలజిస్టులకు 50 మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) ఇచ్చి, ఏఐ సూచన కూడా చూపించారు. కొన్నింటిలో కావాలనే తప్పు సూచన పెట్టారు. సూచన సరైనదైతే బాగా అనుభవమున్నవాళ్లు 82 శాతం సరిగ్గా చెప్పారు, తప్పుదైతే 45 శాతం దగ్గరకు పడిపోయారు. కొత్తవాళ్లయితే 80 నుంచి 20 దగ్గరకు. వీళ్లెవరికీ క్లెయిమ్స్ డెస్క్ గారికున్న టార్గెట్ లేదు, రిపోర్టులో గడి లేదు. అయినా యంత్రం మాట ముందు చెవిన పడితే కన్ను అటే వెళ్లింది. కాబట్టి ఆ క్లిక్కుల తేడా సరిచేసినంత మాత్రాన పని అయిపోదు.

అలాగని నేను యంత్రానికి వ్యతిరేకం కాదు. స్వీడన్‌లో 80 వేలకు పైగా మహిళలతో పెద్ద ట్రయల్ జరిగింది, తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. రిస్కు తక్కువని ఏఐ చెప్పినవాటిని ఒకరు, ఎక్కువన్నవాటిని ఇద్దరు చూశారు. డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది, దొరికిన క్యాన్సర్లు మామూలు పద్ధతిలో దొరికినవాటి కన్నా తగ్గలేదు. అక్కడ తేడా ఏమిటంటే మామూలు పద్ధతిలోలా ప్రతి ఫిల్ముకూ ఇద్దరిని నిలబెట్టలేదు. మనిషి కళ్లు ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడికి పంపారు.

లెక్కల మాష్టారు

డాక్టరమ్మా, మీరు చెప్పిన స్వీడన్ ట్రయల్ నా వాదనే కదా. ఎవరి ఫైలు ఎవరు చూడాలో సూత్రమే పంచింది.

ఎక్స్‌రే కళ్లు

సగం మీదే మాష్టారూ. పంచడం సూత్రం పని, చూడటం మా పని. మీరు మీల్‌ని తెచ్చింది చూడటం కూడా దానికే వదిలేయాలని.

ఇంకో సంగతి. హార్వర్డ్‌లో జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో చేసిన ప్రయోగం ఉంది. చిత్రాల్లో దాచిన వస్తువును వెతకాలి. సగం చిత్రాల్లో అది ఉన్నప్పుడు జనం 7 శాతం మాత్రమే వదిలేశారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం వదిలేశారు. అరుదైనదాన్ని కన్ను వెతకడం మానేస్తుంది. దీన్ని ఏఐకి పెట్టి చూడండి: సిస్టమ్ ఎంత మెరుగైతే దాని తప్పులు అంత అరుదు, తప్పులు అరుదైన కొద్దీ కాపలా మనిషి వాటిని అంత ఎక్కువగా వదిలేస్తాడు. మంచి యంత్రం పక్కన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం చెడ్డ యంత్రం పక్కన కూర్చోబెట్టడం కన్నా వృథా.

కీబోర్డు కూలీ

అందరూ డాక్టర్లూ లాయర్లూ అయ్యారు, మా సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి కూడా వినండి. మాకు రోజంతా ఏఐ రాసిన కోడ్ రివ్యూ చేయడమే. రాసే పని సరదా, రివ్యూ శిక్ష. సరదా దానికి పోయింది, శిక్ష మాకు మిగిలింది.

వేగం పెరిగిందంటారా, 2025లో మెటర్ అనే సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లతో ప్రయోగం చేసింది. ఏఐ వాడినప్పుడు పని 19 శాతం నెమ్మదించింది. అదే మనుషులు తాము 20 శాతం వేగంగా చేశామని అనుకున్నారు. చిన్న ప్రయోగం, టూల్స్ కూడా రోజుకోలా మారుతున్నాయి, అందుకే వేగం దగ్గర నేను పట్టుబట్టను. తమ పని గురించి తమకే తెలియకపోవడం దగ్గర పట్టుబడతాను.

కొత్తవాళ్లకు మాత్రం లాభం ఉంది. కస్టమర్ సపోర్ట్‌లో 5 వేల మందికి పైగా ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో సగటున 14 శాతం మెరుగుదల, కొత్తవాళ్లకు 34 శాతం దాకా, ఆరితేరినవాళ్లకు దాదాపు ఏమీ లేదు. ఎందుకంటే ఆ టూల్ నేర్చుకున్నదే ఆరితేరినవాళ్ల సంభాషణల నుంచి! వాళ్ల నేర్పు తీసుకుని అందరికీ పంచారు, వాళ్లకేం ముట్టింది? సరే, ఇది వేరే గొడవ. నా భయం వేరు. జూనియర్లు తప్పులు చేస్తూ నేర్చుకునే చిన్న పనులన్నీ ఏఐకి పోతే, పదేళ్ల తర్వాత దాని తప్పు పట్టుకోగలిగే సీనియర్ ఎక్కడి నుంచి వస్తాడు?

ఎక్స్‌రే కళ్లు

జూనియర్లే కాదు బ్రదర్, వచ్చిన విద్య కూడా పోతుంది. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో కొలనోస్కోపీకి, అంటే గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్షకు, ఏఐ తెచ్చారు. తర్వాత ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో గడ్డలు దొరికిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడింది. చేసింది వేలకొద్దీ పరీక్షలు చేసిన చేతులే. పరిశీలనా అధ్యయనం, కారణం ఇదేనని తేల్చేయలేం. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, కానీ మొదటి ప్రశ్న పక్కకు జరిగింది. సంతకం రూలు ఉంచాలా, తీసేయాలా? ఉంచితే ఎలా?

లెక్కల మాష్టారు

ఉంచండి, కానీ దాన్ని కొలవండి. విమానాశ్రయాల్లో బ్యాగుల ఎక్స్‌రే చూసేవాళ్ల తెర మీద మధ్యమధ్యలో నకిలీ ఆయుధాల బొమ్మలు కలుపుతారు. పట్టుకుంటే 'ఇది పరీక్ష' అని తెర చెబుతుంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టండి. కావాలనే తప్పు సిఫారసులు కొన్ని ఫైళ్లలోకి వదలండి. ఎన్ని ఆగాయో చూడండి. పదింటిలో ఒక్కటి కూడా ఆగకపోతే ఆ సంతకం అబద్ధం, దాన్ని తీసేసి క్లెయిమ్స్ డెస్క్ గారు అడిగినట్టే 'ఇది సిస్టమ్ నిర్ణయం' అని రాయించండి. డాక్టరమ్మ చెప్పిన అరుదు సమస్యకు కూడా ఇది కొంత మందే, తప్పులు మరీ అరుదుగా ఉండవు కాబట్టి.

క్లెయిమ్స్ డెస్క్

మాష్టారూ, మీ పరీక్ష కాగితం మీద బాగుంది. మా ఆఫీసులో పెడితే ఏమవుతుందో చెప్పనా? నెలాఖరు రిపోర్టులో ఇంకో గడి వస్తుంది: 'పరీక్ష ఫైళ్లలో ఫెయిలైన శాతం'. విరుద్ధంగా వెళ్తే ఒక గడిలో దొరుకుతాం, వెళ్లకపోతే ఇంకో గడిలో దొరుకుతాం. ఫైలుకు ఇచ్చే సమయం మాత్రం అంతే ఉంటుంది.

వాయిదా వకీలు

అందుకే ఆ ఫలితం ఉద్యోగి పేరు మీద కాకుండా విభాగం పేరు మీద ఉండాలి. దాన్ని కంపెనీ దగ్గర కాకుండా బయటి నియంత్రణ సంస్థ దగ్గర ఉంచాలి. క్లెయిమ్ తిరస్కరించిన మనిషి కోర్టుకు వెళ్తే అది అతని లాయర్‌కి అందాలి. 'మా ఉద్యోగి చూశాడు' అని కంపెనీ అంటే, 'మీ ఉద్యోగులు పదింటిలో ఎన్ని పట్టుకుంటున్నారు?' అని నేను అడగగలగాలి. ఫైలుకు ఇచ్చే సమయం అప్పుడు దానంతట అదే పెరుగుతుంది.

పుల్లవిరుపు

ఆ పరీక్ష ఫైళ్లు ఎవరు తయారు చేస్తారు వకీలు గారూ? పని ఎక్కువైందని అది కూడా ఏఐకే ఇస్తారు చూడండి.

లెక్కల మాష్టారు

ఇస్తే ఏం? తప్పు ఫైళ్లు కల్పించడంలో దానికి మించినవాడు లేడు.