నాన్నకు చెప్పకుండా ఆ ఆపరేషన్ చేయించొచ్చా?

తెనాలి బుల్లోడు:
మా నాన్నకి 74. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. వేసవి నుంచీ నడుం నొప్పి అంటుంటే, స్టీరింగు ముందు అరిగిన నడుమే కదా అని బెల్టు కొనిచ్చి ఊరుకున్నాం. దసరా మర్నాడు రాత్రి మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా అయిపోయి, మంచం పట్టె పట్టుకుని అరిచాడు. గొట్టం వేశారు, సంచి పెట్టారు, అక్కణ్ణుంచి పరీక్షలు. ప్రోస్టేట్ గ్రంథి జబ్బుకి చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ 412. నాలుగు లోపు ఉండాలంట. బయాప్సీలో గ్లీసన్ 9, జబ్బు ఎంత దూకుడుగా ఉందో పదికి లెక్కేసి చెప్పే అంకెంట. బోన్ స్కాన్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు, వెన్నుపూసల మీదా తుంటి మీదా సిరా చుక్కలు చిలకరించినట్టుంది. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకింది, నాలుగో స్టేజి.

డాక్టరు గారు చెప్పింది ఇది. జబ్బు తినేది మగ హార్మోనుని, ముందు దాన్ని ఆపాలి. దానికి రెండు దారులు. ఒకటి, వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్, ఒక్కసారితో సరి. రెండోది మూడు నెలలకోసారి సూది, బతికున్నంతకాలం. ఏదైనా సరే, దాంతోపాటు అబిరాటెరోన్ బిళ్ళలు రోజూ వేసుకోవాలి. ఖర్చు లెక్కన చూస్తే ఆపరేషనే మాకు వీలు.

నాన్నకి ఇంకా ఏమీ తెలీదు. 'గ్రంథి వాచింది' అని మాత్రం చెప్పాం. అమ్మా అన్నయ్యా అనేది, అదే వాపుకి ఆపరేషన్ అని చెప్పి చేయించేద్దాం అని. డాలస్‌లో ఉన్న అక్క ఫోనులో ఏడుస్తూ ఆయనకి చెప్పాల్సిందే అంటుంది. నాకు అన్నయ్య మాటే నచ్చుతోంది, కారణం ఉంది. 2009లో మా పెదనాన్నకి గొంతు క్యాన్సరని మొహం మీదే చెప్పేశారు. ఆయన ఆ రోజే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ సరిగ్గా అన్నం తిన్నది లేదు, నలభై రోజుల్లో పోయాడు. నాన్న పక్కనే ఉండి చూశాడు.

చెప్పకుండా చేయిస్తే తప్పా? ఇలాంటిది దాటొచ్చినవాళ్ళు చెప్పండి.

మానేరు:
తమ్మీ, మేము చెప్పలే. అందుకే రాస్తున్న.

మా బాపుకు గిదే బీమారి. సూదులు ఇప్పిచ్చినం, గోలీలు తెచ్చినం, 'వాపు తగ్గనీకి' అని చెప్పినం. రెండు నెలలకు మూత్రం మంచిగ రాబట్టింది. బాపు ఏమనుకున్నడు? వాపు తగ్గింది, ఇగ గోలీలెందుకు? మాకు తెల్వకుండ దినం విడిచి దినం వేసుకున్నడు. పైసలు మిగులుతయని. డబ్బాల గోలీలు ఎందుకు మిగిలినయో మాకు తర్వాత అర్థమైంది.

అసలు దెబ్బ ఇంకోటి. కాళ్ళల్ల తిమ్మిర్లు మొదలైనయి. వయసు మీద పడ్డదనుకుని ఎవ్వలకు చెప్పలే. నాలుగు రోజులు గోడ పట్టుకుని నడిచిండు. ఐదో రోజు పొద్దుగాల లేవలేకపాయె. వెన్నుపూసల గడ్డ నరాన్ని ఒత్తుతున్నదన్నరు. కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం దొడ్డికి మీద పట్టు తప్పినా అదే రోజు ఉరకాల్నట. రేడియేషన్ ఇచ్చిండ్రు, అప్పటికే ఆలస్యమైంది. ఆఖరి ఏడు నెలలు మంచంలనే.

ఆయనకు ఎరుక ఉంటే మొదటి దినమే చెప్తుండె. జబ్బు సంగతి దాచినప్పుడు, జబ్బు గుర్తులు గూడ దాచినట్టే అయింది. దేనికి భయపడాల్నో ఆయనకు తెల్వదు గద.

నొప్పికి మాత్రం హైదరాబాద్ క్యాన్సర్ దవాఖాన ఎం.ఎన్‌.జె.ల మార్ఫిన్ గోలీలు ఇచ్చిండ్రు. వాటితోని ఆ మనిషి నిద్రపోయిండు. అది వేరే ముచ్చట.

పెన్నా ఒడ్డు:
మానేరు అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ మా ఇంట్లో జరిగింది ఇంకో రకం.

మా నాయనకి చెప్పలేదు. రెండేళ్ళ నాలుగు నెలలు ఉన్నాడు. సూదికి మాత్రం తప్పకుండా తీసుకుపోతా ఉంటిమి, 'బలానికి' అంటే నమ్మినాడు. ఒక్కో సూదికి తొమ్మిది పదివేలు అయ్యేది, అప్పుచేసి కట్టినాం. గోలీలు మా అమ్మ చేత్తోనే ఇచ్చేది, ఆయన చేతికి డబ్బా ఇచ్చిందే లేదు. కాళ్ళ సంగతి రోజూ ఆమే అడిగేది. ఆ రెండేళ్ళలో ఆయన రెండు పంటలు చూసుకున్నాడు, మనవరాలి పెళ్ళిలో పెద్దరికం చేసినాడు. తెలిసుంటే ఆ పెళ్ళిపందిట్లో అందరూ ఆయన్నే చూసి కళ్ళు తుడుచుకుంటా ఉందురు.

అడగని మనిషికి చెప్పి మీరు బరువు దించుకుంటారు. ఆ బరువు ఆయన మోయాల. బుల్లోడా, డబ్బు సర్దుకోగలిగితే సూదికి పో. ఆపరేషన్ అంటేనే ఈ తంటా.

కోర్టు గుమ్మం:
మనసుల సంగతి పెద్దలు మాట్లాడుతున్నారు, నేను కాయితం సంగతి చెబుతా.

ఆపరేషన్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాల్సింది మీ నాన్న. అన్నయ్య కాదు, మీరు కాదు. స్పృహలో ఉన్న, మతి సరిగ్గా ఉన్న పెద్దమనిషి తరఫున కొడుకు సమ్మతి చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అక్కడ పరీక్ష కోసం మత్తిచ్చిన ఆమెకి, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. తల్లి సమ్మతి సమ్మతే కాదంది కోర్టు. 'వాపుకి' అని చెప్పి సంతకం పెట్టించినా అంతే, దేనికో తెలీకుండా పెట్టిన సంతకం సమ్మతి అవ్వదు. ఒళ్ళు దగ్గర పెట్టుకున్న డాక్టరెవరూ దీనికి ఒప్పుకోరు.

సిస్టరమ్మ, విశాఖ:
క్యాన్సర్ వార్డులో పదిహేనేళ్ళుగా నర్సుని. మూడు ముక్కలు చెప్పి వెళ్దామనుకున్నాను, పెద్దదయ్యింది, ఏమనుకోకండి.

బాబూ, ముందు ఆపరేషన్ గురించి. మగ హార్మోను గంటల్లో పడిపోతుంది. వెన్నుపూసలో జబ్బున్నవాళ్ళకి అది మేలే. మామూలు సూదితో మొదటి వారం పది రోజులు హార్మోను తగ్గడానికి బదులు పెరుగుతుంది, అందుకే ముందుగా వేరే బిళ్ళలు వేయిస్తారు. అవి వేశారా లేదా అని తప్పకుండా అడగండి. పెరగకుండా నేరుగా దించే సూది కూడా ఉంది, దాన్ని నెలనెలా చేయించాలి. ఇక ఆపరేషన్‌లో పైసంచీ, లోపలి పెంకూ వదిలి కండ మాత్రమే తీసే పద్ధతుంది. ఖాళీగా కనపడదు. 'నలుగురిలో పంచె మార్చుకోలేను' అని బెంగపడే పెద్దవాళ్ళకి ఆ ఒక్క మాట చెబితే ఎంత తేలికపడతారో నేను చూశాను. కానీ తీసింది మళ్ళీ రాదు. సూదైతే ఎప్పుడన్నా ఆపొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఏది అవుతుందో ఆసుపత్రిలో ఆ పని చూసే వైద్యమిత్రని (మునుపు ఆరోగ్యమిత్ర అనేవారు) అడగండి, అప్పు చేసే ముందు.

ఏదైనా సరే, మనిషికి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. సంక్రాంతి చలిలో ఫ్యాను వేసుకుంటారు. అర్ధరాత్రి లేచి తడితువ్వాలు మెళ్ళో వేసుకుని కూర్చుంటారు. కోరిక పోతుంది, కండ తగ్గుతుంది, ఉత్తపుణ్యానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఇవన్నీ తన ఒంటికి ఎందుకవుతున్నాయో తెలీని మగాడు నాకేదో అయిపోయిందనుకుంటాడు, చేతబడి అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

దాచడం గురించి. మీరు పగలు కథ చెప్పి ఇంటికెళ్ళిపోతారు. రాత్రి రెండింటికి సెలైను మార్చేటప్పుడు అడుగుతారు నన్ను, 'అమ్మా, ఈ వరసలో అందరికీ వాపేనా?' అని. ఎన్నిసార్లో. అంచేత, చెప్పాలా వద్దా అని మీరు మీలో మీరు కొట్టుకోవడం మాని, ఆయన్నే ఒక మాట అడగండి. 'డాక్టరు చెప్పేవన్నీ నువ్వే వింటావా, మేం విని చూసుకోమంటావా?' మీరే చూసుకోండిరా అనేవాళ్ళు నిజంగా ఉంటారు. అప్పుడు చెప్పకపోయినా దాచినట్టు కాదు.

అన్నట్టు మీ అన్నదమ్ములిద్దరూ 45 దాటాక పీఎస్‌ఏ చేయించుకోండి. ఇంట్లో ఈ మాట ఎవరికీ తోచదు.

పెన్నా ఒడ్డు:
సిస్టర్ గారూ, మీరు ఆసుపత్రిలో రాత్రులు చూసినారు, మేము ఇంట్లో పగళ్ళు చూసినాం. అయినా ఆ అడిగే ప్రశ్న బాగుంది. మా నాయన్ని అడిగుంటే 'మీరే చూసుకోండి' అనే అనుంటాడని నా నమ్మకం. అడగలేదు, అదొక్కటీ ఒప్పుకుంటా.

పెద్దకూతురు, న్యూజెర్సీ:
బుల్లోడి అక్కని కాదు గానీ ఆవిడ బాధ నాది. 'అక్కడ కూర్చుని చెప్పడం తేలిక' అని నన్నూ అన్నారు. నిజమే, గొట్టం సంచి ఖాళీ చేసేది నేను కాదు. డబ్బు పంపడం వేరు, దుప్పటి మార్చడం వేరు.

అయితే ఇక్కడ అంతా పద్ధతిగా ఉంటుందనుకోకండి. మా మామగారి బయాప్సీ రిపోర్టు డాక్టరు ఫోను కంటే ముందే ఆయన సెల్లుకి వచ్చిపడింది. శుక్రవారం సాయంత్రం. సోమవారం దాకా ఆయన ఒక్కో మాటా గూగుల్లో వెతుక్కుంటూ కూర్చున్నారు. చెప్పడమంటే అదీ కాదు. అధ్యక్షుడిగా చేసిన బైడెన్‌కే 2025 మేలో ఇదే జబ్బు, గ్లీసన్ 9, ఎముకలకి పాకాక బయటపడింది. అది విన్నాక మామగారు కొంచెం నిటారుగా కూర్చున్నారు, నవ్వొస్తుంది గానీ. 'అన్ని పరీక్షలు చేసే మనిషికే తప్పలేదు, నాదేం తప్పు' అన్నారు. అప్పటిదాకా తను ముందే చూపించుకోలేదని కుమిలిపోతున్నారని మాకు తెలీనే తెలీదు. రోగం గురించి ఇంట్లో మాట్లాడుకోబట్టే ఆ మాట బయటికొచ్చింది.

తెనాలి బుల్లోడు:
పది రోజులకి వస్తున్నా. అందరికీ దండాలు.

చెప్పాను. ఆసుపత్రిలో కాదు, గుంటూరు నుంచి వస్తూ దారిలో టీ కొట్టు దగ్గర కారాపి. సిస్టరమ్మ గారి ప్రశ్నే అడిగాను, మక్కీకి మక్కీ. నాన్న గ్లాసులో టీ రెండుసార్లు ఊది, తాగకుండా పక్కన పెట్టాడు. 'మీ పెదనాన్నకొచ్చిందేనా' అన్నాడు. జాతి అదే, చోటు వేరు, మందులున్నాయి అన్నాను. నయమవుతుందా అంటే, పూర్తిగా పోదు, అదుపులో ఉంచుతారంట, ఎన్నాళ్ళనేది ఎవరూ చెప్పలేరంట అన్నాను. గోడవైపు తిరగడానికి అక్కడ గోడ లేదు. రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ కూర్చున్నాడు. కాసేపాగి అడిగింది రెండే. సూది ఎంత? ఈ గొట్టం ఎప్పుడు తీస్తారు?

మర్నాడు డాక్టరు గది నుంచి నాన్న మా ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాడు. ఇరవై నిమిషాలు. వచ్చి 'ఆపరేషనే చేయించండి' అన్నాడు, కాయితం మీద తనే సంతకం పెట్టాడు. పెంకు వదిలే పద్ధతి సంగతి ఆయనే అడిగి కనుక్కున్నాడంట, నేను చెప్పకముందే. ఆపరేషన్ కార్డు మీదే అయిపోయింది.

ఇప్పుడు కొత్త తిరకాసు. వియ్యంకుడి గారికి తెలియకూడదని ఒట్టేయించుకున్నాడు. ఊళ్ళో హెర్నియా అని చెప్పాం. పరామర్శకొచ్చినవాళ్ళకి నాన్నే కూర్చుని హెర్నియా కథ చెబుతున్నాడు, రోజుకో రకంగా. దాచొద్దని ఇంత చర్చ పెట్టి, ఆఖరికి ఇంటిల్లిపాదీ కలిసి ఊరి దగ్గర దాస్తున్నాం.

అమ్మకి నా మీద కోపం తగ్గలేదు. 'నీకు బరువుగా ఉంటే నా దగ్గర ఏడవాల్సింది, ఆయనకెందుకు పెట్టావ్' అంది. పెన్నా అన్నా, అచ్చం మీ మాటే. దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రిళ్ళు నాన్న లేచి కూర్చుంటున్నాడు. ఆవిర్లకో, ఆలోచనకో అడగలేదు. అమ్మ లేచి విసనకర్ర తీసుకుంటుంది, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు.

మానేరు:
మంచిగ చేసినవ్ తమ్మీ. కాళ్ళ సంగతి మరువకు. గోలీలు ఎవ్వరు ఇస్తున్నరు?

పెన్నా ఒడ్డు:
మీ నాయన అడిగే మనిషి కాబట్టి సరిపోయింది. నా మాట మీద నేనున్నా. అమ్మని మాత్రం ఒంటరిగా వదలబాక.

తెనాలి బుల్లోడు:
మానేరు అన్నా, ఎవరూ ఇవ్వట్లేదు, ఆయనే. పొద్దున ఐదింటికి అలారం పెట్టుకుని పరగడుపున నాలుగు బిళ్ళలు లెక్కపెట్టుకుని వేసుకుంటున్నాడు. కాళ్ళ గురించి చెప్పాను, రోజూ వసారాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి చూసుకుంటున్నాడు. బిళ్ళ వేసుకున్నాక గంటదాకా ఏమీ తినకూడదన్నారు కదా, ఆ గంటా కాఫీ ఇవ్వనందుకు అమ్మ మీద కేకలేస్తున్నాడు.