'షాహానే'లో ఖానా ఉందా? (హైదర్‌పాషా మెడికల్ స్కూలు పేరు మీద ఒక సందేహం)

మిత్రుడొకడు ఇస్తాంబుల్ వెళ్లి, ఆసియా ఒడ్డున హైదర్‌పాషాలో ఉన్న పాత మెడికల్ స్కూలు ఫొటోలు పంపాడు. జంట గడియారపు బురుజులు, నాలుగు వైపులా కట్టడం, మధ్యలో విశాలమైన ఖాళీ ముంగిలి. ఒట్టోమన్ కాలంలో దాని పేరు 'మెక్తెబ్-ఇ తిబ్బియే-ఇ షాహానే'. మావాడు దీన్ని 'రాజుగారి ఇంట్లో వైద్య పాఠశాల' అని తెలుగు చేసేశాడు. అదేంట్రా అంటే, తుర్కీలో 'హానే' అంటే మన ఖానాయే కదా, దవాఖానాలో లాగా అన్నాడు.

వాడన్న దాంట్లో సగం నిజమే. తుర్కీవాళ్ల నోట్లో ఖ నిలవదు, హ అయిపోతుంది. 1827 మార్చి 14న సుల్తాన్ రెండో మహ్మూద్ హయాంలో ఈ స్కూలు మొదలైనప్పటి పేరు 'తిప్‌హానే-ఇ ఆమిరే'. అందులో ఉన్నది అచ్చంగా తిబ్బు (వైద్యం) + ఖానా, చివరి బ కాస్తా ప అయిందంతే. కానీ షాహానేలో ఇల్లూ లేదు వాకిలీ లేదు. అది షాహ్ + ఆనే, అంటే పాదుషావారి అని. జుర్మ్‌కి ఆనా చేరితే జరిమానా, నజర్‌కి చేరితే నజరానా, జన్‌కి చేరితే జనానా, ఇదీ అదే. తెలుగులో ఈ రెండు ప్రత్యయాలనూ రోజూ వాడుతూనే ఉన్నాం, విడదీసి చూడం. ఇప్పటి తుర్కీలో షాహానే అంటే 'అదిరింది' అని కూడా.

ఆ భవనానికి ఆ అర్థమూ సరిపోతుంది లెండి. సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ కట్టించాడు, 1903లో తెరిచారు. గీసింది అలెగ్జాండర్ వల్లోరీ, రైమొండో దారోంకో. దారోంకో ఇటలీవాడు, అసలు వచ్చింది ఒక ఎగ్జిబిషన్ పనికి. 1894 భూకంపంతో అది ఆగిపోయి, కూలినవి బాగుచేసే పనుల్లో పడి అక్కడే ఉండిపోయాడు. అందుకేనేమో కట్టడంలో యూరప్ కొలతలూ తూర్పు కమానులూ కలగలిసి ఉంటాయి. నాకైతే ఆ కలయిక కొంచెం ఎక్కువైనట్టే అనిపిస్తుంది. 1919 మార్చి 14న, నగరం విదేశీ సైన్యాల చేతిలో ఉన్నప్పుడు, విద్యార్థులు ఆ రెండు బురుజుల మధ్యే పెద్ద జెండా కట్టారు. తుర్కియేలో డాక్టర్ల పండగ ఇప్పటికీ ఆ తేదీనే.

(ఇక చదివినవాళ్ల ప్రశ్నలు, నా జవాబులు)

— మరి ఖజానా ఏ లెక్కలోకి వస్తుందన్నా?

రెండిట్లోకీ రాదు తమ్ముడూ. అది అరబ్బీ 'ఖిజానా', దాచే చోటు. చివర్లో 'ఖానా'లా వినబడుతుందని మోసపోకు.

— మా తెలంగాణలో ఇప్పటికీ దవాఖాననే అంటాం. 'ఆస్పత్రి' అసలు తెలుగని గొప్పగా చెప్పేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది, అది హాస్పిటలే కదండీ. తుర్కీలో ఏమంటారు?

'హస్తహానే' అనేవాళ్లు, ఇప్పుడు అరిగి 'హస్తానే' అయింది. హస్తా అంటే రోగి, మన హస్తంతో సంబంధం లేదు. ఫారసీ 'ఖస్తా' నుంచి వచ్చింది, అలసిన, గాయపడిన, విరిగిన అని అర్థాలు. ముట్టుకుంటే విరిగిపోయే ఖస్తా కచోరీలో ఉన్నదీ ఆ మాటే. ఒకచోట రోగి, ఇంకోచోట కచోరీ!

— సార్, మన హైదరాబాద్ దారుల్‌షిఫా కూడా ఈ బాపతేనా?

అవునండి, మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆస్పత్రి పేరే ఆ పేటకు మిగిలింది. తుర్కియేలోని ఎదిర్నె ఊళ్లో 1488 నాటి ఆస్పత్రి కూడా 'దారుష్షిఫా'యే. అయితే అక్కడ ఇల్లు అనే అర్థం 'దార్'లో ఉంది, అరబ్బీ కాబట్టి ముందు వస్తుంది. ఫారసీ ఖానా వెనక వస్తుంది.

— అయితే ఉస్మానియా అన్నా ఒట్టోమన్ అన్నా ఒకటేనా?

పేరొకటే, మనుషులు వేరు. మన ఉస్మానియా యూనివర్సిటీ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద, వాళ్లది 13వ శతాబ్దపు మూలపురుషుడు ఉస్మాన్ పేరు మీద. అయితే 1931లో ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ నిజాం పెద్ద కొడుకుని పెళ్లాడి, కోడలై హైదరాబాద్ వచ్చింది. పురానీ హవేలీ దగ్గర ఆమె పేరుతో పిల్లల దవాఖానా ఉంది, దారుల్‌షిఫాకి నడిచి వెళ్లేంత దూరమే.