‘పోలీస్ యాక్షన్’లో పోలీసులెక్కడ?

మా అమ్మమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు కానీ వయసు అడిగితే మాత్రం ‘పోలీస్ యాక్షన్ అప్పటికి నాకు రెండేండ్లు’ అంటది. మన దిక్కు ముసలోళ్ళు చాలామంది అట్లనే లెక్కేస్తరు. మొన్న మా పాప ‘తాతమ్మా, పోలీసులు ఏం చేసిన్రు?’ అని అడిగితే ‘పోలీసులెక్కడియి బిడ్డా, మిలిట్రీ వచ్చింది’ అన్నది. అప్పట్నుంచి ఈ మాట నన్ను వదుల్తలేదు, అందుకే ఇక్కడ పెడుతున్న.

1948 సెప్టెంబర్ 13న నిజాం ఏలే హైదరాబాద్ సంస్థానం మీదికి షోలాపూర్ దిక్కు నుంచి, బెజవాడ దిక్కు నుంచి వచ్చినవి భారత సైన్యం, ట్యాంకులు, పైన విమానాలు. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 17 సాయంత్రానికి నిజాం చేతులెత్తేసిండు. మరి జనానికి పోలీసు చర్య అని ఎందుకు చెప్పినట్టు? యుద్ధం అంటే అవతల కూడా ఒక దేశం ఉందని ఒప్పుకున్నట్టే, పైగా నిజాం సర్కారు అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉండె. పోలీసు అన్నమంటే అది మన ఇంటి వ్యవహారం, బయటోళ్ళకు పనిలేదు. 1947లో ఇండోనేషియా మీదికి పోయిన డచ్చోళ్ళు కూడా సరిగ్గా ఇదే మాట వాడిన్రు. 1950లో కొరియా గురించి ఒక విలేకరి దీన్ని పోలీస్ యాక్షన్ అనొచ్చా అంటే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అవునన్నడు, యుద్ధ ప్రకటన కోసం అమెరికన్ కాంగ్రెస్ దగ్గరికి పోనే లేదు. 2022లో ఉక్రెయిన్ మీద పుతిన్‌ది ‘ప్రత్యేక సైనిక చర్య’, మన పేపర్లల్ల కూడా అదే ‘చర్య’ వచ్చింది చూడండి.

నా బాధ ఏందంటే, చర్య అన్నాక అది అయిదు రోజుల్ల అయిపోయింది అనుకుంటం. తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్ల ముస్లింల మీద జరిగినదానికి పేరే లేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిన్రని రాసింది, ఆ రిపోర్టును ఏండ్లకేండ్లు బయటపెట్టలేదు. అంతకుముందు ఆగస్టుల నిజాం వైపు కొట్లాడిన సాయుధ దళం రజాకార్లు బైరాన్‌పల్లి ఊర్ల చేసిన ఊచకోత నేను మర్చిపోలేదు, జర్నలిస్టు షోయబుల్లా ఖాన్‌ను వాళ్ళే పట్నం నడిబొడ్డున చంపిన్రు, ఆయన కూడా ముస్లిమే. ఒకరి దెబ్బకు బదులు ఇంకెవరి మీదనో తీర్చుకున్నరు, ఊరి నుంచి ఊరికి పాకింది ఇట్లనే.

కింద కామెంట్లల్ల ఒకరు అడిగిన్రు: అన్నా, రజాకార్ అంటే ఉర్దూల స్వచ్ఛందంగా సేవ చేసేటోడు అనే కదా, అంత మంచి మాట మన దగ్గర తిట్టు ఎట్లయింది?

అవునమ్మా, అసలు అర్థం అదే. 1971ల తూర్పు పాకిస్తాన్‌ల, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌ల, పాకిస్తాన్ సైన్యానికి సాయం చేసిన దళాలకు కూడా అదే పేరు పెట్టిన్రు, అక్కడా తిట్టయి కూర్చుంది. 2024 జులైల అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని హసీనా సర్కారు ఉద్యోగాల కోటా మీద నడిచిన ఉద్యమం గురించి మాట్లాడుతూ రజాకార్ల మనవలు అనంగనే ఢాకా యూనివర్సిటీ పిల్లలు రాత్రికి రాత్రి రోడ్డెక్కిన్రు. నాయకులు ఇసుంటి మాటలు ఊరికే వాడరు, ఎదుటోణ్ణి ఒక్క మాటతోని శత్రువును చేసేస్తే తర్వాత వాని మీద చెయ్యి లేపుడు సులువైతది.

పాతబస్తీల ఉర్దూ పెద్దలు ‘సుకూతె హైదరాబాద్’ అంటరు, అంటే పతనం. సెప్టెంబర్ 17ను విలీనం, విమోచనం, విద్రోహం అని ఎవరికి వారు పిలుస్తున్నరు. మీ ఇండ్లల్ల పెద్దోళ్ళు ఆ రోజులను ఏమని పిలిచేటోళ్ళు? పేపర్ల మాట వద్దు, వాళ్ళ నోట విన్నదే రాయండి.