సీ ప్లస్ ప్లస్‌కి 12 వేలు కట్టాలా, ఇంట్లోనే కుదురుతుందా?

బ్రాడీపేట బీటెక్: అన్నలకి నమస్కారం. మాది గుంటూరు, బీటెక్ రెండో ఏడు. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషకి మూడు నెలలకి 12 వేలు అడిగారు. రోజూ రైల్లో వెళ్లి రావాలి. నాన్న మిర్చి యార్డులో గుమస్తా, అడగడానికి నోరు రావట్లేదు. పైసా లేకుండా కుదురుతుందా? ముందు సీ భాష నేర్చుకోవాలా? మా ల్యాబ్‌లో వాడేది టర్బో సీ ప్లస్ ప్లస్ అనే పాత సాఫ్ట్‌వేరే.

కృష్ణలంక: కట్టేయ్ తమ్ముడూ. నేను ఫ్రీగా నేర్చుకుంటానని ఏడాది తిరిగాను. ఒక వీడియో సగం, ఇంకో పీడీఎఫ్ సగం. చివరికి పాయింటర్ల (మెమరీ అడ్రసులు దాచుకునేవి) దగ్గర ఆగిపోయా. పక్కన కూర్చుని "ఇక్కడ సెమీకోలన్ పోయింది చూడు" అనే మనిషి ఉండాలి.

బెంజి సర్కిల్ కోడర్: సెమీకోలన్ పోతే, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలరే చెబుతుంది కదండీ, దానికి 12 వేలెందుకు?

తొమ్మిదేళ్లుగా ఇదే నా కూడు, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను. తమ్ముడూ, ముందు ల్యాబ్‌లోని ఆ టర్బో నీలం తెరని మర్చిపో. టర్బో సీ ప్లస్ ప్లస్ 1990లో బొర్లాండ్ తెచ్చింది. ఈ భాషకి మొదటి ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది 1998లో. అందుకే ల్యాబ్‌లో రాసే ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్, క్లియర్ స్క్రీన్, వాయిడ్ మెయిన్ ఇవాళ్టి జీసీసీ కంపైలర్‌కి ఇస్తే ఎర్రర్లే. తప్పు నీది కాదు.

జీసీసీ ఉచితం. పాఠానికి లెర్న్‌సీపీపీ డాట్ కామ్ ఒక్కటే పట్టుకో, మొదటి పేజీ నుంచి వరసగా. సీపీపీరిఫరెన్స్ నిఘంటువు లాంటిది, దాన్ని పాఠంలా చదవడం మొదలుపెడితే రెండో రోజే మానేస్తావు. వినడమే ఇష్టమైతే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల కోర్సు ఉంది. వీడియోలకి డబ్బు లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

ఇప్పుడు కంపైలర్ మామూలుగా చెప్పని తప్పు. అయిదు మార్కుల అర్రే (వరసగా పెట్టిన విలువల జాబితా) తీసుకో. లూప్‌లో "ఐ 5 కంటే తక్కువ" అని రాయాల్సిన చోట "తక్కువ లేదా సమానం" అని రాయి. లేని ఆరో మార్కు చదువుతుంది. ఏదో చెత్త అంకె రావచ్చు, సరైన జవాబే వచ్చినట్టు కూడా కనపడవచ్చు. అదే కంపైల్ చేసేటప్పుడు హద్దు దాటి మెమరీ చదివితే పట్టుకునే అడ్రస్ శానిటైజర్ ఫ్లాగ్, దాంతో పాటు లైను నంబర్ల కోసం మైనస్ జీ ఇచ్చావనుకో, నడిపినప్పుడు తప్పు లైను నంబరుతో సహా చూపించి ఆగిపోతుంది. విండోస్‌లో జీసీసీతో ఇది కుదరకపోతే కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అనే సైట్‌లో బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు.

అరండల్‌పేట మాస్టారు: ఉచితం సరే బాబూ. కానీ సీ రాకుండా సీ ప్లస్ ప్లస్ అంటే పునాది లేని మేడ. మెమరీ ఏమిటో తెలియని పిల్లలకి వెక్టర్ (తనంతట తాను పెరిగే అర్రే) ఇస్తే బట్టీ పడతారు.

బెంజి సర్కిల్ కోడర్: మాస్టారూ, మీ మాట కొట్టిపారేయను, మెమరీ తెలియాలి. కానీ మొదటి వారమే కాదు. 1979లో బెల్ ల్యాబ్స్‌లో దీన్ని మొదలుపెట్టిన స్ట్రౌస్ట్రప్ గారే ముందు సీ నేర్చుకోనక్కర్లేదన్నారు. స్ట్రింగు, వెక్టరు పట్టుకుని ఓ పదిహేను ప్రోగ్రాములు రాశాక పాయింటర్ దగ్గరికి వెళితే అదెందుకో తెలుస్తుంది. సీ అలవాటుతో వచ్చినవాళ్ల చేత మాలాక్ (సీలో చేత్తో మెమరీ అడిగే పద్ధతి) మాన్పించడానికి నాకు నెలలు పట్టింది.

కృష్ణలంక: ఇవన్నీ మీలాంటి వాళ్లు చెబితేనేగా తెలిసేది! నాకప్పుడు చెప్పేవాళ్లు లేరు.

బెంజి సర్కిల్ కోడర్: అది మాత్రం నిజమే. తమ్ముడూ, ఇరుక్కుంటే కోడూ ఎర్రరూ రెండూ ఇక్కడే పెట్టు. ఫొటో తీసి కాదు, టెక్స్ట్‌గా.

బ్రాడీపేట బీటెక్: అన్నా, ఆ మార్కుల లూప్ రాత్రి పెట్టి చూశా. 14వ లైను దగ్గర ఆగిపోయింది. ల్యాబ్‌లో అదే ప్రోగ్రాముకి నాకు పదికి పది వేశారు! ఒక్క టెన్షన్. వాయిడ్ మెయిన్ లేకపోతే రికార్డు మీద సంతకం పెట్టనంటున్నారు సార్.

అరండల్‌పేట మాస్టారు: రికార్డులో వాయిడ్ రాసెయ్ బాబూ. ఇంట్లో మాత్రం ప్రమాణం ప్రకారం ఇంట్ మెయిన్ రాసుకో.