డాంకాస్టర్‌కు కొత్తగా వచ్చిన సోదరికి: బెల్స్ జట్టు గురించి

నమస్కారమండీ. మీ అమ్మాయి ఈ ఊరి మహిళా ఫుట్‌బాల్ క్లబ్బు డాంకాస్టర్ బెల్స్‌లో చేరాలని ముచ్చటపడుతోందనీ, ఆ క్లబ్బు కింది స్థాయి లీగుల్లో ఉండడం చూసి మీరు వెనకాడుతున్నారనీ రాశారు. ఆ స్థానానికి కారణం ఆటలో ఓటమి ఒక్కటే కాదు కనుక కొంత వివరంగా చెబుతాను.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్.ఏ.) 1921 డిసెంబరు 5న తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళలను ఆడనివ్వరాదని ఆంక్ష పెట్టింది. సుమారు యాభై ఏళ్లు సాగిన ఆ నిషేధపు చివరి రోజుల్లో, అంటే 1969లో, ఊరి పురుషుల క్లబ్బు డాంకాస్టర్ రోవర్స్ వారి బెల్ వ్యూ మైదానంలో పురుషుల మ్యాచ్‌లకు వచ్చినవారికి లాటరీ టికెట్లు అమ్మే యువతులు తామే ఒక జట్టు కట్టి, మైదానం పేరు మీదుగా బెల్ వ్యూ బెల్స్ అని పిలుచుకున్నారు. ఆ జట్టే తర్వాత డాంకాస్టర్ బెల్స్ అయింది.

1983 నుంచి 1994 వరకు జరిగిన పన్నెండు మహిళా ఎఫ్.ఏ. కప్ ఫైనళ్లలో ఒక్క 1989 తప్ప అన్నింటిలోనూ ఈ జట్టు ఆడి, ఆరుసార్లు కప్పు గెలిచింది. 1991-92లో జాతీయ లీగు మొదలైనప్పుడు తొలి విజేతలు కూడా వీరే. ఇంగ్లండ్ తరఫున వంద మ్యాచ్‌లు ఆడిన తొలి మహిళ జిలియన్ కూల్టర్డ్ ఈ జట్టు క్రీడాకారిణే. ఆమె ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూనే ఆ స్థాయికి ఎదిగారు.

2011లో అగ్రశ్రేణిగా మొదలైన మహిళా సూపర్ లీగులోని ఎనిమిది జట్లలో బెల్స్ ఒకటి. అయితే 2013 సీజన్‌లో తొలి మ్యాచ్ ముగిసిందో లేదో, ఫలితాలు ఎలా ఉన్నా మరుసటి ఏడాది రెండో శ్రేణికి వెళ్లవలసిందేనని సంఘం తేల్చింది. పై శ్రేణిలో మాంచెస్టర్ సిటీకి చోటు దక్కింది. అప్పీలు చేసినా లాభం లేకపోయింది. నా దృష్టిలో అది అన్యాయమే. (పాత అభిమానుల ఎదుట సిటీ ఊసెత్తకండి, సాయంత్రమంతా వినవలసి వస్తుంది.) 2017-18లో రెండో శ్రేణి విజేతగా నిలిచి కూడా, ఆర్థిక ఇబ్బందుల వల్ల క్లబ్బు తానే తప్పుకుని మూడో శ్రేణికి దిగింది, అటు తర్వాత ఇంకా కిందికి జారింది.

అయితే గత వైభవం చూసి పిల్లను చేర్చమని నేను అనను. ముందు ఒకసారి సాధన జరిగే చోటికి వెళ్లి, శిక్షకులు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో, కొత్తగా వచ్చినవారికి ఆడే అవకాశం ఎంత ఇస్తున్నారో మీరే చూడండి. పిల్లల భద్రత చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఎవరో అడిగి తెలుసుకోండి. ఆగస్టు 31 నాటి వయసును బట్టి బృందాలు నిర్ణయిస్తారు కనుక పుట్టిన తేదీ చూపే పత్రం వెంట ఉంచుకోండి. షిన్ ప్యాడ్లు (మోకాలి కింది ఎముకకు రక్షణగా కట్టుకునేవి) లేకుండా మ్యాచ్‌లో దిగనివ్వరు, వాటిని ముందే కొనండి.