నేరుగా ఎంఎస్‌లో చేరాలా, ముందు నాన్-డిగ్రీగా ఒకటి రెండు కోర్సులు చదవాలా?

పటమట అమ్మాయి:
బీటెక్ అయ్యాక గన్నవరం మేధా టవర్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్‌కి అడ్మిషన్ వచ్చింది, కొంత స్కాలర్‌షిప్ కూడా ఇస్తామన్నారు. మిగతా లోన్‌కి నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతానంటున్నారు. నాకేమో ముందు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో నాన్-డిగ్రీ విద్యార్థిగా, అంటే డిగ్రీలో చేరకుండా విడిగా ఫీజు కట్టి, ఒకటి రెండు కోర్సులు చదివి చూడాలనుంది. ఇంట్లో అందరూ టైమ్ వేస్ట్ అంటున్నారు. మీరేమంటారు?

బెంజ్ సర్కిల్ రావు:
సీటు చేతిలో పెట్టుకుని ఇంకా ఆలోచన దేనికమ్మా? పూర్తిగా ఆన్‌లైన్ చదువుకు యూనివర్సిటీ ఐ-20 అనే ప్రవేశ పత్రం ఇవ్వదు, అది లేనిదే ఎఫ్-1 విద్యార్థి వీసా లేదు. అక్కడికెళ్లి ఎంఎస్ పూర్తిచేస్తే 12 నెలల ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంటుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే మరో 24 నెలల పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. విడి కోర్సులు చదివితే ఇవేవీ రావు.

గుంటూరు లెక్చరర్:
రావు గారూ, వీసా సంగతి మీరన్నది నిజమే. కానీ ఆ అమ్మాయి అడిగేది ఇల్లు తాకట్టు పెట్టేముందు ఆ చదువు తనకు పడుతుందో లేదో తెలుసుకోవడం ఎలా అని. ఆ అడగడంలో తప్పేముంది? కట్టాల్సింది వాళ్ల నాన్నగారు.

నేను అరండల్‌పేటలో ఉంటూ ఇలాగే ఒక కోర్సు చదివాను. ఈస్ట్ కోస్ట్ యూనివర్సిటీ, వాళ్ల సాయంత్రం ఆరింటి క్లాసు చలికాలంలో మనకు తెల్లవారుజామున నాలుగున్నర. నిద్ర సంగతి అలా ఉంచితే, మొదటి అసైన్‌మెంట్‌లోనే మన బలం తెలిసిపోతుంది. కోడ్ రన్ అయితే సరిపోదు, ఆ జవాబు ఎందుకు నమ్మాలో సొంత మాటల్లో రాయమంటారు. మన ఇంజనీరింగ్ పరీక్షల్లో అలవాటు లేనిది సరిగ్గా అదే. ఆ సంగతి లక్షలు కట్టి విమానం ఎక్కాక తెలిసేకన్నా ఇక్కడే తెలియడం మంచిది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి తల్లీ. ఎంఎస్ అంటే 30 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు ఇన్నని లెక్కగట్టే యూనిట్లు), ఆ పైన. నాన్-డిగ్రీగా చదివినవాటిలో కొన్నే కలుపుకుంటారు, గ్రేడ్ బాగా లేకపోతే అవీ పోతాయి. ఎన్ని కలుపుతారో ఫీజు కట్టకముందే మెయిల్‌లో రాయించుకో. ఫోన్లో చెప్పిన మాట పనికిరాదు. కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీ వాళ్లు కోర్సెరా అనే ఆన్‌లైన్ వేదికలో నడిపే డేటా సైన్స్ ఎంఎస్‌లో ఈ పద్ధతే ప్రవేశ పరీక్షలాంటిది. వాళ్లు చెప్పిన కోర్సులు క్రెడిట్‌కు చదివి 3.0 జీపీఏ తెచ్చుకుంటే డిగ్రీలోకి తీసుకుంటారు.

తాడేపల్లి నుంచి:
అక్కా, వచ్చిన అడ్మిషన్ వదులుకోవద్దు. డిఫర్ చేస్తారేమో, అంటే చేరడం వాయిదా వేయనిస్తారేమో అడుగు.

బెంజ్ సర్కిల్ రావు:
డిఫర్ చేస్తే స్కాలర్‌షిప్ మళ్లీ ఇస్తారన్న గ్యారంటీ ఉందా? ఇప్పుడు వదిలితే ఒక ఏడాది జీతం వెనక్కి పోయినట్టే. పిల్ల తెలివైనది కాబట్టే సీటిచ్చారు. నేనైతే పంపిస్తాను.

గుంటూరు లెక్చరర్:
స్కాలర్‌షిప్ మాట మాత్రం గట్టి పాయింటే. అమ్మాయ్, డిఫర్ చేస్తే అది ఉంటుందో పోతుందో ముందు కనుక్కో. పోతుందంటే నేనూ వెళ్లమనే అంటాను. ఉంటుందంటే ఒక్క కోర్సుకు ఫీజు కట్టు, స్టాటిస్టిక్స్‌దే తీసుకో, తేలికైనది వద్దు.

పటమట అమ్మాయి:
ఇద్దరికీ థాంక్సండీ. అడ్మిషన్ ఆఫీసుకు స్కాలర్‌షిప్ గురించీ, క్రెడిట్ల గురించీ ఒకే మెయిల్‌లో అడిగాను. జవాబు వచ్చేదాకా బ్యాంకుకు వెళ్లొద్దని నాన్నకు చెప్పాను, సరేనన్నారు.