స్లిప్పర్ ఆర్కిడ్ ఫ్లాట్‌లో నిలుస్తుందా, డబ్బులు తగలేయడమేనా?

కుండీలపిచ్చి, కూకట్‌పల్లి:
పోయిన వారం ఇక్కడే ఒకాయన "మన ఎండలకి స్లిప్పర్ ఆర్కిడ్ ఇంట్లో పెంచడమంటే మొక్కని మెల్లగా చంపడమే" అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. మా హాల్లో తూర్పు కిటికీ పక్కన రెండేళ్లుగా ఒకటుంది, మాడియే హైబ్రిడ్, ఆకుల మీద మచ్చలు మచ్చలుగా ఉండే రకం. జనవరి చివర్లో విచ్చిన పువ్వు ఉగాది దాకా వాడలేదు. ఉన్నది ఒక్కటే పువ్వు, కింద చిన్న సంచీ వేలాడుతూ, మైనంతో చేశారా అన్నట్టు. ఫెలనాప్సిస్‌లు, అదే నర్సరీల్లో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఆర్కిడ్లు, నా చేతిలో మూడు పోయాయి, ఇది మాత్రం ఉంది.

బెజవాడఎండ:
మీ ఒక్క మొక్కని చూసి అందరికీ చెప్పేయకండి సార్. నేను తెచ్చుకున్నది ఇన్‌సిగ్నే అనే స్లిప్పర్ రకం, మేఘాలయ కొండల మొక్క, మచ్చల్లేని పచ్చ ఆకులు. మూడేళ్లు సాకాను, ఆకులు వేయడమే తప్ప మొగ్గ లేదు. దానికి చలికాలం మొదట్లో రాత్రుళ్లు 10, 12 డిగ్రీల చల్లదనం తగలాలట, విజయవాడలో ఎక్కణ్ణుంచి తేను, ఫ్రిజ్‌లో పెట్టి పడుకోబెట్టనా? చివరికి మే నెలలో నాలుగు రోజులు ఊరెళ్లొచ్చేసరికి మొక్క నడుమ మెత్తబడిపోయింది, ఆకు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

వైజాగ్ పిన్ని:
మీరిద్దరూ రెండు వేరు వేరు మొక్కల గురించి కొట్టుకుంటున్నారు నాయనా. మచ్చల ఆకులవి చాలావరకు వేడికి తట్టుకుంటాయి, పచ్చ ఆకులవాటిలో చాలా వాటికి చలి కావాలి. కొనేముందు ఆకు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఇంకోటి, డెండ్రోబియం అనే ఆర్కిడ్‌లా నీళ్లు దాచుకునే లావు కాడలు వీటికుండవు, అందుకని వేరు పూర్తిగా ఎండకూడదు, అలాగని ఆకుల మధ్య నీళ్లు నిలిచాయా, కుళ్లు మొదలు. బెజవాడ బాబూ, ఊరెళ్లేముందు పైనుంచి చెంబుడు కుమ్మరించి తలుపులేసి వెళ్లావు కదూ?

బెజవాడఎండ:
కుమ్మరించాను పిన్నిగారూ, దాచడమెందుకు. కానీ తలుపులేసిన ఇంట్లో ఆ ఉడుక్కి నీళ్లు పోయకపోయినా పోయేదేగా.

కుండీలపిచ్చి, కూకట్‌పల్లి:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పేస్తా. ఆర్‌ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయని మూడు నెలలు అవే పోశాను. ఆకు కొసలన్నీ కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. ఉప్పంతా ఆ వదిలేసే నీళ్లలోనే పోగవుతుందని తర్వాత వెలిగింది. బోరు నీళ్లూ అంతే. ఇప్పుడు తాగే నీళ్లే పోస్తున్నా, వానపడితే బకెట్ పెడతా. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.

అడవిదారి:
అందరూ ఎలా పెంచాలనే మాట్లాడుతున్నారు, ఎక్కడ కొన్నారని ఎవరూ అడగరేం? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పేరుపెట్టి కాపాడుతున్న కొద్ది మొక్కల్లో ఈ పాఫియోపెడిలం, అంటే మన స్లిప్పర్ ఆర్కిడ్, ఒకటి. అడవిలో పీకడం నేరం, లైసెన్స్ లేకుండా అమ్మడమూ నేరమే. వీటిలో దక్షిణాదిలో సహజంగా పెరిగేది డ్రురీ అనే రకం ఒక్కటే, కేరళ-తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమల కొండల్లో, పసుప్పచ్చ పువ్వు మీద ముదురు గీతతో. దాన్ని పీక్కెళ్లీ పీక్కెళ్లీ అక్కడ దాదాపు లేకుండా చేశారు. సోషల్ మీడియా గ్రూపుల్లో చవగ్గా కొరియర్‌లో వచ్చేవి చూడండి, కుండీ ఉండదు, వేర్లు తెగి ఉంటాయి, ఆకుల మీద పాత పురుగు చిల్లులు, ఒకదానికీ ఇంకోదానికీ సైజు కలవదు. నర్సరీలో పుట్టిన మొక్క అలా ఉండదు.

బెజవాడఎండ:
...నాది 250 రూపాయలకి న్యూస్‌పేపర్‌లో చుట్టి వచ్చింది. వేరుకి నాచు అంటుకునుంటే ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నాను.

అడవిదారి:
అదే చెప్తున్నా.

కుండీలపిచ్చి, కూకట్‌పల్లి:
అంటే అది మొదట్నుంచీ దెబ్బతిన్న మొక్క. దాన్ని చూపించి స్లిప్పర్లు ఇంట్లో పెరగవంటే ఎలా బ్రదర్?

బెజవాడఎండ:
అడవి మొక్క కొన్నానన్నది ఒప్పుకుంటున్నా, మళ్లీ కొనను. కానీ మీ కూకట్‌పల్లి డిసెంబర్ వేరు, మా డిసెంబర్ వేరు. మేలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే నాకే ఊపిరాడదు, మొక్కకి ఏసీ ఎవరేస్తారు? ఇంటిమొక్క అంటే మనీప్లాంట్‌లా మన మానాన మనం ఉంటే అది బతకాలి. ఇది అలాంటిది కాదు.

వైజాగ్ పిన్ని:
ఆ మాట మాత్రం నిజం, మనీప్లాంట్ కాదు. ఇంకో సంగతి, ఒక పిలక జన్మలో ఒక్కసారే పూస్తుంది, తర్వాత పక్కన పుట్టే పిలక ఎదిగి పూయాలి, దానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. అది తెలీక పువ్వు రాలగానే పారేసినవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. కూకట్‌పల్లి బాబూ, నీ మొక్కకి కొత్త పిలక వచ్చిందా, లేదా? అది చెప్పకుండా రెండేళ్ల మొక్క అంటావేం?

కుండీలపిచ్చి, కూకట్‌పల్లి:
వచ్చింది పిన్నిగారూ. బొటనవేలంత ఉంది. రేపు పొద్దున వెలుగులో ఫొటో పెడతా.